కొరియా ఎదిగింది, ఫిలిప్పీన్స్ ఆగింది, బర్మా పడిపోయింది: ఒక విద్యార్థితో ఆరు నెలల కేస్ స్టడీ

పోటీ పరీక్షలకు ఎకానమీ చెప్పడం మొదలుపెట్టి నాకు పద్నాలుగేళ్ళు దాటింది. ఆసియాలో వలస పాలన నుంచి బయటపడిన దేశాల్లో కొన్ని అంతగా ఎదిగితే మిగతావి ఎందుకు వెనకబడ్డాయి అన్న ప్రశ్న మెయిన్స్ ప్రాక్టీసులో ఏటా ఇస్తాను, ఏటా ఎక్కువమంది అక్కడే తడబడతారు. ఆ ఒక్క ప్రశ్న మీద ఒక కుర్రాడితో దాదాపు ఆరు నెలలు కూర్చున్నాను. అతని అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, ఏ పరీక్షకు చదువుతున్నాడో చెప్పను. ఉత్తరాంధ్ర కుర్రాడు, తండ్రి కౌలు రైతు, సొంత భూమి అర ఎకరం కూడా లేదు. వాళ్ళ మామ్మ పుట్టింది రంగంలో, అంటే రంగూన్‌లో. ఈ రెండు సంగతులూ మాత్రం దాచలేను, ఎందుకంటే కేసంతా వాటి మీదే తిరిగింది.

మొదటి టెస్టులో అతను రాసిన జవాబు సారాంశం ఇది: బ్రిటిష్‌వాళ్ళు చట్టాలు, ఓడరేవులు, ఇంగ్లిష్ ఇచ్చారు, అందుకే సింగపూర్, హాంకాంగ్ బాగుపడ్డాయి. మూడు వారాల తర్వాత భారతదేశం మీద వేరే ప్రశ్న వస్తే, బ్రిటిష్‌వాళ్ళు దోచుకున్నారు, అందుకే పేదరికం అని రాశాడు. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. కాసేపు చూసి, "రెండూ కరెక్టే కదా సార్" అన్నాడు.

అసలు సమస్య అక్కడే ఉందనిపించింది. చదువు తక్కువై కాదు, చాలా చదివాడు. ఏ దేశం ముందుకొస్తే ఆ దేశానికి సరిపోయే కారణం తీసి పెడుతున్నాడు, ఆ కారణం పక్క దేశం మీద నిలబడుతుందో లేదో చూడటం లేదు. సింగపూర్‌ను, బర్మాను (ఇప్పటి మయన్మార్), సిలోన్‌ను (ఇప్పటి శ్రీలంక), మలయాను ఏలింది ఒకే బ్రిటన్. పాలకుడు ఒకడే అయినప్పుడు ఫలితాలు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయి అన్నది అడగాల్సిన ప్రశ్న.

నేను మొదట చేసింది, ఇప్పుడు చూస్తే, సులువైన పని. ఒక పట్టిక ఇచ్చాను: దేశం, ఏలినవాళ్ళు, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, అప్పటి ఆదాయం, ఇప్పటి ఆదాయం. బ్రిటన్ పేరుకు ఎదురుగా సింగపూర్, బర్మా రెండూ కనబడితే పాలకుడి పేరుతో కారణం చెప్పడం తనంతట తానే మానేస్తాడని నా లెక్క. మానేశాడు, కానీ బ్రిటన్ తీసేసి జపాన్‌ను పెట్టాడు. 1895 నుంచి తైవాన్‌నీ, 1910 నుంచి కొరియానీ జపాన్ ఏలింది, రైళ్ళు వేసింది, ఫ్యాక్టరీలు కట్టింది, 1945లో వెళ్ళిపోయింది, ఆ పునాది మీదే రెండూ ఎదిగాయి అని.

ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. తైవాన్‌లో కాలువలు, కొత్త వరి రకాలు, రైతు సంఘాలు జపాన్ కాలంలో వచ్చినవే. అయినా ఈ వాదానికి కొరియాలోనే ఒక పరీక్ష ఉంది. జపాన్ కట్టిన భారీ పరిశ్రమలు, జలవిద్యుత్ కేంద్రాలు ఎక్కువభాగం ఉత్తర కొరియాలో పడ్డాయి. దక్షిణానికి కరెంటు అక్కడి నుంచే వచ్చేది, 1948 మే 14న ఉత్తరం ఆ కరెంటు కట్ చేసింది. ఫ్యాక్టరీలే కారణమైతే ఈ రోజు ఎదిగి ఉండాల్సింది ఉత్తరం. సంస్కృతి, కష్టపడే గుణం అనేవాళ్ళకూ ఇదే సమాధానం: ఉత్తరానికీ దక్షిణానికీ భాష ఒకటి, తిండి ఒకటి, పూర్వీకులు ఒకరే.

ఇది చెప్పగానే అతను 'ఇన్‌స్టిట్యూషన్స్' అన్నాడు, అంటే దేశాన్ని నడిపే సంస్థలు, నియమాలు. 2024 ఎకనామిక్స్ నోబెల్ ఆ పరిశోధనకే వచ్చింది కాబట్టి ఆ ఏడాది నుంచి ప్రతి పేపర్లోనూ ఆ మాట ఉంటోంది. నాకు సంతోషం వేసింది, దారిలో పడ్డాడనుకున్నాను. అది నా పొరపాటు. "ఏ సంస్థ, ఎవరి చేతిలో ఉంది, సరిగ్గా ఏం చేసింది?" అని అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. మొదట్లో బ్రిటిష్ పాలన అని రాసినచోట ఇప్పుడు ఇన్‌స్టిట్యూషన్స్ అని రాస్తున్నాడు, అంతే.

రెండో ప్రయత్నం ఇంకా దెబ్బతింది, చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. పరీక్ష దగ్గరపడుతోందన్న టెన్షన్‌లో రెండు గంటల క్లాసు తీసుకుని ఐదు కారణాలు చెప్పాను: భూసంస్కరణ, చదువు, ఎగుమతులు, అమెరికా సాయం, ప్రభుత్వ సామర్థ్యం. వాటిని అలాగే ఐదు పేరాలు రాశాడు, మార్కులు పెరిగాయి. నేను దిద్దాను కాబట్టి పెంచింది నేనే. తర్వాత మాక్ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న వేశాను. ఫిలిప్పీన్స్‌కు అమెరికా సాయం వచ్చింది, అమెరికావాళ్ళు పెట్టిన బడులున్నాయి, ఇంగ్లిష్ ఉంది, ఎన్నికలున్నాయి. 1960లో తలసరి ఆదాయం దక్షిణ కొరియా కంటే ఎక్కువ. ఇప్పుడు కొరియాది దాదాపు తొమ్మిది రెట్లు. ఏమైంది? కుర్రాడు నా వెనక గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

అక్కడ ఆగిపోవచ్చు, మార్కులు వస్తున్నాయి కదా. ఆగకూడదనుకోవడానికి కారణం ఉంది. ఈ కుర్రాడు రేపు ఉద్యోగంలో చేరితే కౌలు కార్డుల ఫైలు అతని బల్ల మీదకే వస్తుంది. కౌలుదారు అంటే ఏమిటో తండ్రిని చూసి తెలిసినవాడు, పేపర్లో మాత్రం భూసంస్కరణను ఐదింటిలో ఒక పాయింటుగా రాస్తున్నాడు. ఇంట్లో తెలిసింది పరీక్షలో పనికిరాదని ఎవరో ఎప్పుడో నేర్పారు. అందులో మా కోచింగ్‌వాళ్ళ పాపం కూడా ఉందని నా నమ్మకం.

కోతలకు ఊరెళ్ళి వచ్చాడు. మనిషి దిగులుగా ఉన్నాడు. భూమి యజమాని వచ్చే ఏడాదికి కౌలు పెంచమన్నాడట, పాసు పుస్తకం యజమాని పేరు మీద ఉంది కాబట్టి పంట రుణం ఆయనకే, వడ్డీకి తెచ్చేది మాత్రం వీళ్ళ నాన్న. ఓదార్చడానికి నా దగ్గర మాటలేమీ లేక లెక్క అడిగాను. ఎకరానికి ఎంత పండుతుంది? బాగా పండితే 24 బస్తాలు. కౌలు? పది, ఇప్పుడు పన్నెండు అంటున్నారు.

"సరే, మీ నాన్నను 1949లో తైవాన్‌లో పెడదాం" అన్నాను.

బోర్డు మీద రాసింది ఇక్కడ ఉన్నదున్నట్టు పెడుతున్నాను. అప్పటికి తైవాన్‌లో కౌలు పంటలో సగం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. 24లో సగం 12. అదే ఏడాది కౌలుకు గరిష్ఠ హద్దు పెట్టారు: ప్రధాన పంటలో 37.5 శాతం. అంటే 9 బస్తాలు. 1953లో దున్నేవాడికే భూమి చట్టం. భూస్వామి దగ్గర మధ్యరకం వరి భూమి సుమారు మూడు హెక్టార్లు, అంటే ఏడెకరాల పైచిలుకు వదిలి మిగతాది ప్రభుత్వం కొని కౌలుదారుకు అమ్మింది. ధర ఏడాది ప్రధాన పంట దిగుబడికి రెండున్నర రెట్లు. మీ నాన్న ఎకరానికి 60 బస్తాలు. పదేళ్ళలో కట్టాలి, వడ్డీ 4 శాతం. ఏడాదికి ఎంత పడుతుంది?

క్యాలిక్యులేటర్ తీసి తనే వేశాడు. ఏడాదికి 7.4 బస్తాలు. రెండోసారి వేశాడు.

"కౌలు కంటే కిస్తీ తక్కువ సార్."

తక్కువే. 12 కట్టేవాడు 9 కట్టాడు, తర్వాత ఏడాదికి ఏడున్నర లోపే కట్టి పదేళ్ళకు యజమాని అయ్యాడు. దక్షిణ కొరియాలో ఇంకా త్వరగా జరిగింది. 1949 చట్టాన్ని 1950లో సవరించి అమలు చేశారు, హద్దు సుమారు మూడు హెక్టార్లే, ధర ఏడాది పంటకు ఒకటిన్నర రెట్లు, ఐదేళ్ళ వాయిదా. మీ నాన్నకు 36 బస్తాలు, ఏడాదికి 7.2. ఐదేళ్ళు కట్టి ఆరో ఏడు కళ్ళంలో ఉన్న 24 బస్తాలూ తనవే. ఎరువు వేస్తే వచ్చే లాభం తనది, బోరు వేస్తే తనది. యజమాని వచ్చే ఏడు ఖాళీ చేయమంటాడేమో అన్న భయం లేదు. పిల్లల్ని బడికి పంపడానికి డబ్బు అక్కడే మిగిలింది. 1945లో కొరియాలో పెద్దవాళ్ళలో నలుగురికి ముగ్గురికి పైగా చదువు రాదు, ఆ తరం తన పిల్లల్ని చదివించుకుంది.

తర్వాత ఫిలిప్పీన్స్ రాశాను. 1955 భూసంస్కరణ చట్టం, వ్యక్తికి హద్దు 300 హెక్టార్లు. అతను ఎకరాల్లోకి మార్చాడు, 741 వచ్చింది. "మా ఊరి పొలమంతా కలిపినా అంత రాదు సార్" అన్నాడు. మా ఇద్దరికీ ఈ కేసు తిరిగింది ఆ మాట దగ్గరే. 1963లో హద్దు 75 హెక్టార్లకు దిగింది, 1972లో 7కు, అదీ వరి, మొక్కజొన్న భూములకే. చెరకు, కొబ్బరి తోటలను వదిలేశారు, పెద్ద కుటుంబాల ఆస్తి ఉన్నది అక్కడే. 1988లో 5 హెక్టార్లు, దాని అమలు దశాబ్దాలు సాగింది. కొరియా, తైవాన్ మూడు నాలుగేళ్ళలో ముగించిన పనికి ఫిలిప్పీన్స్‌కు ఒక తరం చాలలేదు.

ఎందుకు చాలలేదు అన్నదాని మీద రెండు సాయంత్రాలు కూర్చున్నాం. మనీలాలో చట్టం చేసే సభలో కూర్చున్నది భూస్వామ్య కుటుంబాలవాళ్ళే, తమ భూమికి తామే హద్దు ఎందుకు పెట్టుకుంటారు? తైవాన్‌లో 1949 తర్వాత పాలించినది చైనా ప్రధాన భూభాగం నుంచి ఓడిపోయి వచ్చిన ప్రభుత్వం, వాళ్ళకు ఆ ద్వీపంలో ఒక్క ఎకరం లేదు, కోల్పోయేదేమీ లేదు. పైగా చైనాలో రైతులు కమ్యూనిస్టుల వెనక ఎందుకు వెళ్ళారో కళ్ళారా చూసి వచ్చారు. కొరియాలో 1946 మార్చిలోనే ఉత్తరం భూములు పంచేసింది, దక్షిణంలో పంచకుండా ఉంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. భూస్వాముల్లో చాలామందికి జపాన్‌వాళ్ళతో చేతులు కలిపారన్న మచ్చ ఉంది, గట్టిగా అడ్డుపడే పరిస్థితి లేదు. వాళ్ళకిచ్చిన బాండ్ల విలువను యుద్ధకాలపు ధరల పెరుగుదల తినేసింది. తైవాన్‌లో భూస్వాములకు పరిహారంలో 70 శాతం బాండ్లుగా, 30 శాతం నాలుగు ప్రభుత్వ కంపెనీల షేర్లుగా ఇచ్చారు, సిమెంటు, కాగితం కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. భూమి పోయినవాళ్ళలో కొందరు పరిశ్రమల్లోకి వచ్చిన దారి అది.

ఎగుమతుల సంగతి అప్పుడు తనంతట తానే అర్థమైంది, నేను విడిగా చెప్పలేదు. దక్షిణ కొరియాలో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ కాలంలో చవక అప్పు కావాలంటే ఎగుమతి చేసి చూపించాలి. 1964లో 10 కోట్ల డాలర్లున్న ఎగుమతులు 1977లో 1,000 కోట్ల డాలర్లకు వెళ్ళాయి. ఫిలిప్పీన్స్‌లోనూ 1949 నుంచి 1962 దాకా దిగుమతుల మీద కంట్రోళ్ళు పెట్టి సొంత పరిశ్రమల్ని కాపాడారు. ఆ లైసెన్సులు ఎక్కువగా పలుకుబడి ఉన్న కుటుంబాలకే చేరాయి, బయట అమ్మి చూపించమని అడిగినవాళ్ళు లేరు. కొరియాలో అడగగలిగారు. అప్పటికి ప్రభుత్వాన్ని ఆపగలిగే భూస్వామి మిగల్లేదు. ఐదు పాయింట్లలో రెండుగా నేను విడగొట్టి చెప్పినవి నిజానికి ఒకదాని కడుపులోంచి ఇంకొకటి పుట్టాయి.

(పార్క్ పాలన నియంతృత్వం, కార్మికుల మీద అణచివేత ఘోరంగా ఉండేది. అభివృద్ధికి అది అవసరమే అని రాసే విద్యార్థులకు నేను మార్కులు తగ్గిస్తాను. అదే కాలంలో అధ్యక్షుడు మార్కోస్ నియంతృత్వం ఫిలిప్పీన్స్‌ను ఎక్కడికి తీసుకెళ్ళిందో చూసి రాయమంటాను.)

ఇక్కడితో కేసు ముగిసిందనుకున్నాను. వారం తర్వాత అతను ఒక ప్రశ్న తెచ్చాడు, దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. "సార్, బర్మాలో కూడా భూస్వాముల దగ్గర్నుంచి భూమి తీసేసుకున్నారు కదా. మరి బర్మా ఎందుకు బాగుపడలేదు?"

ఉత్తరాంధ్రలో రంగం అన్న మాటకున్న బరువు బయటివాళ్ళకు తెలియదు. రంగం వెళ్ళడమంటే బతుకు బాగుపడటం. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వేలమంది తెలుగువాళ్ళు ఓడలెక్కి వెళ్ళారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసింది బర్మానే, ఏడాదికి సుమారు 30 లక్షల టన్నులు. 1930ల మాంద్యంలో రైతులు అప్పులు తీర్చలేక, దక్షిణ బర్మా వరి భూముల్లో దాదాపు పాతిక శాతం చెట్టియార్ల చేతికి, అంటే తమిళ దేశం నుంచి వెళ్ళిన వడ్డీ వ్యాపారుల చేతికి వెళ్ళింది. కాబట్టి స్వాతంత్ర్యం రాగానే 1948లోనే భూమి జాతీయం చేస్తూ చట్టం తెచ్చారు, 1953లో మళ్ళీ తెచ్చారు. కాగితం మీద చూస్తే తైవాన్ కంటే గట్టి చట్టం.

నేను వెంటనే జవాబు చెప్పలేదు, మామ్మను అడగమన్నాను. ఆవిడ 1964లో వచ్చినవారు. వాళ్ళ నాన్నకు రంగంలో చిన్న కిరాణా కొట్టు. సైనిక ప్రభుత్వం మనుషులు వచ్చి కొట్టుకు నంబరు వేసి తాళాలు తీసుకున్నారట. ఆ మే నెలలోనే 50, 100 క్యాట్ నోట్లు రద్దయ్యాయి, పెట్టెలో ఉన్నది కాగితమైపోయింది. ఓడలో విశాఖ చేరారు. "భూమి పేదోళ్ళకిచ్చారు కదా మామ్మా?" అని ఫోన్‌లో అడిగితే ఆవిడ అన్నది: "ఇచ్చారు నాయనా. ధాన్యం మాత్రం సర్కారోళ్ళకే అమ్మాల, ఆళ్ళు చెప్పిన రేటుకే."

ఆ ఒక్క వాక్యం పట్టుకుని మేమిద్దరం మళ్ళీ లెక్కకు కూర్చున్నాం. బర్మాలో భూమి రాజ్యానిది, రైతుది సాగుహక్కే. ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డు ధాన్యాన్ని తక్కువ స్థిర ధరకు కొని విదేశాల్లో ఎక్కువకు అమ్మేది. చెట్టియారుకు పోయే వాటా సర్కారుకు పోయింది, కళ్ళంలో రైతుకు మిగిలింది పెరగలేదు. 1962లో జనరల్ నె విన్ నాయకత్వంలో సైన్యం అధికారంలోకి వచ్చాక వ్యాపారం, మిల్లులు, బ్యాంకులు అన్నీ లాక్కున్నారు, వాటిని నడపడం తెలిసినవాళ్ళను వెళ్ళగొట్టారు. 1987లో బర్మా ఐక్యరాజ్యసమితి అతి వెనకబడిన దేశాల జాబితాలో చేరింది.

అతను ఊరుకోలేదు, తైవాన్ ప్రభుత్వం రైతు దగ్గర పిండుకోలేదా అన్నాడు. పిండుకుంది. ఎరువు కావాలంటే ధాన్యం ఇచ్చి తీసుకోవాలి, ఆ మారకం రేటు రైతుకు నష్టంగానే ఉండేది, 1970ల మొదట్లో కానీ ఆ పద్ధతి పోలేదు. తేడా ఏమిటంటే ఎరువు నిజంగా వచ్చింది, నీళ్ళు వచ్చాయి, విత్తనం వచ్చింది, దిగుబడి పెరిగింది, పెరిగినదాంట్లో రైతుకు కొంత మిగిలింది. బర్మాలో తీసుకోవడమే జరిగింది. ఇది నేను అతనికి నేర్పింది అనలేను, అతని ప్రశ్న వల్ల నేనే వెతుక్కుని నేర్చుకున్నాను. అప్పటిదాకా భూమి పంచితే చాలన్నట్టు చెప్పేవాణ్ణి.

సింగపూర్ సంగతి కూడా అతనే లాగాడు, అక్కడ పొలాలే లేవు కదా అని. పొలాలు లేవు, నేల ఉంది. 1960లో గృహనిర్మాణ బోర్డు పెట్టారు, 1966 చట్టంతో ప్రైవేటు స్థలాలను ప్రభుత్వం తక్కువ ధరకు తీసుకోగలిగింది, ఇరుకు గదుల్లో, గుడిసెల్లో ఉన్నవాళ్ళకు ఫ్లాట్లు కట్టి అమ్మింది, 1968 నుంచి ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో కొనుక్కోనిచ్చింది. నగరంలో నేల ధర పెరిగితే ఆ లాభం ఎవరికి అన్నది అక్కడి ప్రశ్న. ఓడరేవు, బ్రిటిష్ చట్టం పనికొచ్చాయి, కాదనను. కానీ బ్రిటిష్ స్థావరాలు ఆర్థికవ్యవస్థలో దాదాపు ఐదో వంతు ఉన్న రోజుల్లో 1968లో బ్రిటన్ వెళ్ళిపోతానని చెప్పింది, 1971కల్లా వెళ్ళిపోయింది. ఆ దెబ్బ తట్టుకున్నది వాళ్ళు వదిలి వెళ్ళినదానితో మాత్రమే కాదు.

చివరి ప్రాక్టీసు టెస్టులో అతని జవాబు ఒకటిన్నర పేజీ. ఐదు పాయింట్లు లేవు. పాలకులు వెళ్ళిన మొదటి పదేళ్ళలో భూమి ఎవరి చేతికి వచ్చింది, పంటలో రైతుకు ఎంత మిగిలింది, ఇంకొకరికి వాటా పోతే బదులుగా ఏం వచ్చింది అని మూడు ప్రశ్నలు వేసి, కొరియా, ఫిలిప్పీన్స్, బర్మా మూడింటినీ వాటితోనే పరీక్షించాడు. తన వాదం ఎక్కడ బలహీనమో కూడా రాశాడు: అమెరికా మార్కెట్ ఆ రోజుల్లో కొరియాకు, తైవాన్‌కు తెరిచి ఉంది, అలాంటి అవకాశం అందరికీ రాలేదు. 24 బస్తాల లెక్క మార్జిన్‌లో పెన్సిల్‌తో ఉంది. చెరిపేయడం మరిచిపోయాడు, నేను చెరపొద్దన్నాను.

నా క్లాసులో మారింది ఒకటుంది. ఈ పాఠానికి ముందు ఇంటి నుంచి ఒక ఎకరం లెక్కో, ఒక అద్దె గది లెక్కో, ఒక కొట్టు లెక్కో తెమ్మంటున్నాను, కారణాలు ఆ తర్వాతే. కారణం చెప్పినవాళ్ళే అది ఓడిపోయే దేశాన్ని కూడా వెతికి తేవాలి. సిలబస్ నెమ్మదిగా నడుస్తోందని కొందరు తల్లిదండ్రులు ఫోన్ చేశారు, వాళ్ళ ఆందోళన అర్థం చేసుకోగలను, కానీ పద్ధతి మార్చను.

కొత్త బ్యాచ్‌లో ఒకమ్మాయి శ్రీలంక తెచ్చింది. 1972లో హద్దు 50 ఎకరాలు, వరి భూమికి 25. 1975లో కంపెనీల టీ తోటలు కూడా తీసుకున్నారు, కానీ తోటల్లో ఎక్కువభాగం కూలీలకు రాలేదు, ప్రభుత్వ సంస్థల చేతికి వెళ్ళింది. ఆ తోటల్లో ఆకు కోసే మనిషికి కిలోకు ఎంత మిగిలింది అన్న లెక్క ఇంకా సగంలో ఉంది, ఆదివారం బోర్డు మీద వేస్తున్నాం.